హక్కు, సత్యం, కాగితం
(కర్నూలు, కడప సీమలలో భూమి, ఇంటి హక్కులను గురించి ఒక పరిశీలన)

ప్రతి సంవత్సరం తెలుగు తరగతిలో అన్యదేశ్యాల పాఠం వచ్చినప్పుడు మేము విద్యార్థులను ఒక చిన్న ప్రశ్న అడుగుతుంటాము. "మీ ఇంటిలో పెట్టె అడుగున పెద్దలు దాచిపెట్టిన కాగితాలలో కనిపించే మాటలు పది చెప్పండి" అంటాము. దస్తావేజు, రసీదు, హద్దు, వారసుడు, కబ్జా, జప్తు, ఇనాము, దర్ఖాస్తు, జమాబందీ అని ఒకరి తరువాత ఒకరు అందుకుంటారు. ఇవన్నీ అరబ్బీ, పారసీ భాషల నుండి ఉర్దూ ద్వారా మన పల్లెలకు నడచివచ్చిన మాటలు. అడంగలు, పోరంబోకు అన్నవి తమిళం నుండి వచ్చినవి. కరణం సంస్కృత పదం. సేద్యం, నాగలి, చేను, కళ్లం, మడి మాత్రం అచ్చ తెనుగువి, లేదా తెనుగులో పూర్తిగా కలిసిపోయినవి. అంటే నేలను దున్నే మాటలు మనవి. నేలను ఏలే మాటలు పాలకులతో వచ్చినవి. రైతు అనే మాట సైతం అరబ్బీ మూలం నుండే వచ్చినది. ఏలిక సంరక్షణలో ఉండే ప్రజ అని దాని మొదటి అర్థం.

ఈ మాటలన్నింటిలోను మా మనస్సును ఎక్కువగా ఆకర్షించినది "హక్కు". అరబ్బీలో ఈ శబ్దానికి రెండు అర్థాలున్నవి. ఒకటి న్యాయంగా చెందవలసినది, రెండవది సత్యం. ఆ భాషలో ఈ రెండింటికీ ఒకే మాట. తెలుగు దానిని స్వీకరించేటప్పుడు మొదటి అర్థాన్ని మాత్రమే ఉంచుకొని రెండవదానిని విడిచిపెట్టినది. మన సీమలో భూమి చరిత్రను పరిశీలించినకొద్దీ, ఆ విడిచిపెట్టడం భాషలో మాత్రమే జరగలేదని మాకు తోచినది. సత్యం నేల మీద ఉన్నది, హక్కు కాగితం మీద ఉన్నది. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోయినంతకాలం ఎవరికీ బాధ లేదు. ఒక ఆనకట్టో, ఒక కర్మాగారమో, ఒక రహదారియో వచ్చిన నాడు మాత్రం ప్రభుత్వం కాగితాన్నే చూస్తుంది. నేల మీద ఉండి కాగితం మీద లేనివాడు ఆ నాడు లేనివాడే అవుతాడు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఈ ఒక్క విషయమే.

దత్తమండలాలు – రైత్వారీ

నిజాం ప్రభువు 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతానికి దత్తమండలాలని పేరు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు జిల్లాలో కొన్ని భాగాలు అందులోనివి. ఈ ప్రాంతానికి రాయలసీమ అనే గౌరవమైన పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారి ప్రతిపాదనతో స్థిరపడినది. కర్నూలు పట్టణం, దాని చుట్టుపట్ల ప్రాంతం మాత్రం 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించే వరకు నవాబుల ఏలుబడిలోనే ఉండినది.

దత్తమండలాలకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్నవాడు థామస్ మన్రో. మధ్యవర్తులైన జమీందారులను నిలుపక, పొలం పొలం కొలిపించి, ప్రతి పొలానికి ఒక సంఖ్య, ఒక శిస్తు నిర్ణయించి, రైతుకు నేరుగా పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతికి ఇక్కడ పునాది పడినది. అతడు 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలోనే కలరా సోకి మరణించినాడు. ఆ రైత్వారీలో పొలం కావలెనని కోరుకోవడం దర్ఖాస్తు. పొలం వద్దని విడిచిపెట్టడం రాజీనామా. నేడు ఉద్యోగం వదలుకొనేవారు వాడే రాజీనామా అనే మాటను నాడు కరువు వచ్చి శిస్తు కట్టలేని రైతు తన చేనుకు వాడినాడు.

రైత్వారీలో ఒక గొప్ప మేలున్నది. సామాన్య రైతు పేరు ప్రభుత్వపు లెక్కలో చేరినది. అయితే అందులోనే ఒక లోపం కూడా ఉన్నది. శిస్తు విధించిన భూమికి మాత్రమే లెక్కలో యజమాని ఉంటాడు. శిస్తు లేని చోటికి యజమాని పేరు అవసరం లేదు. ఇళ్లు కట్టుకున్న ఊరి స్థలం గ్రామకంఠం అయినది. చెరువు కడుపు, వంక, బాట, కొండవాలు, పశువుల మేత బయలు, శ్మశానం పోరంబోకు అయినవి. గొర్రెల కాపరి, మాదిగవాడ, కూలివాని గుడిసె, వెదురు అల్లేవారి నివాసం, ఊరి చివర పీర్లచావిడి ఇవన్నీ ఈ శిస్తు లేని నేల మీదనే ఉండినవి. అనగా ఊరిలో కలిగినవారి బ్రతుకుకు కాగితం ఉన్నది. లేనివారి బ్రతుకుకు ఊరి జ్ఞాపకం మాత్రమే ఉన్నది.

కాగితం మారినప్పుడు ఏమవుతుందో మన సీమకు తెలియనిది కాదు. పాలెగాండ్రను అణచిన తరువాత వారి కింద ఊరి కాపలా కాస్తూ ఇనాము భూములను అనుభవించిన కట్టుబడివారి ఇనాములను కంపెనీ ప్రభుత్వం తిరిగి తీసుకోవడం మొదలుపెట్టినది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేవనెత్తిన తిరుగుబాటుకు తన కుటుంబానికి రావలసిన భరణపు తగాదా ఒక కారణం కాగా, ఈ కట్టుబడి ఇనాముల జప్తు మరొక ముఖ్య కారణం. వేలమంది అతని వెంట నడచినది అందుకే. 1847 ఫిబ్రవరిలో అతనిని కోయిలకుంట్లలో ఉరితీసినారు. ఆ పోరాటాన్ని వీరగాథగా మాత్రమే చదివేవారు, దాని అడుగున ఒక భూమిహక్కు వివాదం ఉన్నదని గుర్తించవలసి ఉన్నది.

ఎన్ని విధాల కాగితాలు?

విద్యార్థులకు ఉపయోగపడుతుందని ఇక్కడ మన ప్రాంతంలో వాడుకలో ఉన్న కాగితాలను వేరువేరుగా వివరిస్తాము.

మొదటిది పట్టా భూమి. ఇది రైతు సొంతం. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టవచ్చు, పిల్లలకు పంచవచ్చు. 1971 నాటి శాసనం ప్రకారం దీనికి పాసుపుస్తకం ఇస్తారు.

రెండవది డి.కె.టి. పట్టా. దర్ఖాస్తు అనే మాటయే ఇంగ్లీషు అక్షరాలలో ఇట్లు కుదించబడినది. ప్రభుత్వం బంజరును నిరుపేదకు ఇచ్చేటప్పుడు ఈ పట్టా ఇస్తుంది. సాగు చేసుకోవచ్చు, వారసులకు సంక్రమిస్తుంది, కాని అమ్మరాదనే షరతు చాలాకాలం ఉండినది. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఈ షరతును మరింత గట్టిపరచినది. పేదవాడు ఆపదలో భూమిని పోగొట్టుకోకుండా కాపాడుటకే ఈ నిషేధం. కాని ఈ షరతు చాలాకాలం పేదవానికే ఎదురు తిరిగినది. ప్రభుత్వం తానే ఆ భూమిని తిరిగి తీసుకొన్నప్పుడు, "ఇది మేమిచ్చినదే కదా" అని పట్టా రైతుకిచ్చినంత పరిహారం ఇచ్చేది కాదు. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ భూమి అనుభవదారునికి కూడా పూర్తి యజమానితో సమానంగా పరిహారం చెల్లించవలెనని తీర్పు చెప్పినది. తాత ఇరవై ఏండ్లు రాళ్లు ఏరి చేను చేసిన భూమికి ధర్మం ఏమిటో న్యాయస్థానం చెప్పేందుకు అంతకాలం పట్టినది.

మూడవది ఇనాము. గుడి, మసీదు, దర్గా సేవకు, ఖాజీకి, మంగలికి, వెట్టివానికి ఇచ్చిన భూములివి. 1956 నాటి ఇనాముల రద్దు చట్టంతో ఇవి రైత్వారీ పట్టాలుగా మారినవి. ధార్మిక సంస్థల ఇనాములలో భూమి సంస్థది, సేవ చేసేవానిది కాదు. ఈ భేదం తెలియక మన జిల్లాలలో అనేక కుటుంబాలు తరతరాలుగా వ్యాజ్యాలలో నలిగినవి.

నాలుగవది చుక్కల భూమి. పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరు తెలియనిచోట గుమాస్తా పేరుకు బదులు చుక్కలు పెట్టినాడు. ఆ చుక్కలు వందేండ్ల తరువాత రిజిస్ట్రేషను కార్యాలయాలలో అడ్డు గోడలయినవి. తాతముత్తాతల నుండి సాగులో ఉన్నవాడు సైతం బిడ్డ పెండ్లికి ఎకరం అమ్ముకోలేకపోయినాడు. దీనిని సరిదిద్దుటకు 2017లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చినది.

అయిదవది గ్రామకంఠంలోని ఇల్లు. దీనికి పట్టా లేదు. పంచాయతీ ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇరుగుపొరుగు మాట, దీర్ఘకాలపు అనుభవం ఇవే ఆధారాలు. ఊరి ఇళ్లకు ఆస్తి కార్డులు ఇచ్చే కేంద్ర పథకం 2020లో మాత్రమే ప్రారంభమైనది.

శ్రీశైలం: నీటి కింద ఊళ్లు

ఇప్పుడు ఈ కాగితాలన్నీ ఒక్కసారిగా పరీక్షకు నిలిచిన సందర్భానికి వస్తాము. కృష్ణానదిపై శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులైలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. జలవిద్యుత్తు దాని మొదటి లక్ష్యం. జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామాలు మునిగినవనీ, సుమారు లక్షమంది నిర్వాసితులయినారనీ సాధారణంగా లెక్క చెప్పుతారు. మన వైపు నందికొట్కూరు, ఆత్మకూరు తాలూకాలలోని నదితీరపు నల్లరేగడి భూములు అందులో పోయినవి. ఈ తాలూకాలు 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉన్నవి.

1981లో నీరు నిలిపే సమయం సమీపించగా, ఖాళీ చేయని ఊళ్లలో ఇళ్లను కూల్చి జనాన్ని తరలించిన వృత్తాంతం పౌరసంఘాల నివేదికలలో నమోదైనది. మన సీమ ఇల్లు మట్టిమిద్దె. రాతిగోడ, మీద దూలాలు, దంతెలు, ఆపైన మట్టి. ఇల్లు కూలితే రాయి, మట్టి అక్కడే మిగులుతాయి; మనిషి మోసుకొనిపోగలిగినవి దూలాలు, వాకిలి, తలుపులు మాత్రమే. నాటి నిర్వాసితులు కొత్త ఊళ్లకు ఎద్దుబండ్ల మీద తీసుకొనిపోయిన ఆస్తి చాలావరకు అదియే.

పరిహారం 1894 నాటి భూసేకరణ శాసనం ప్రకారం ఇచ్చినారు. ఆ శాసనం పనిచేసే తీరును విద్యార్థులు బాగుగా గ్రహించవలెను. నాలుగవ సెక్షను కింద ప్రకటన వెలువడిన నాటి మార్కెట్టు ధరయే పరిహారానికి కొలత. ప్రకటన ఒకనాడు, డబ్బు మరెన్నో ఏండ్లకు, నీరు ఇంకా ఆ తరువాత. ఈలోగా చుట్టుపట్ల భూముల ధర పెరిగినా పరిహారం పెరగదు. మార్కెట్టు ధర అంటే రిజిస్టరు అయిన విక్రయ పత్రాలలో కనిపించిన ధర. స్టాంపు ఖర్చుకు జడిసి జనం తక్కువ ధర వ్రాయించుకొనే అలవాటు అందరికీ తెలిసినదే. ఆ చిన్న అబద్ధం ఊరంతటికీ శాపమైనది. ఉదాహరణకు ఎకరం ధర 1,000 రూపాయలని తేలితే, బలవంతపు సేకరణకు ఊరటగా 15 శాతం కలిపి 1,150 రూపాయలు వచ్చేవి. అయిదెకరాల రైతుకు 5,750 రూపాయలు. ఆ డబ్బుతో అంతటి నల్లరేగడి ఆయకట్టు కింద మరెక్కడ దొరుకుతుంది?

ఇది భూమి ఉన్నవాని మాట. కౌలుకు చేసినవానికి కాగితం లేదు, కౌలు నోటిమాటతో జరిగినది. శాసనం ఆసక్తిగల ప్రతివ్యక్తిని పిలిచినా, అతడు తన ఆసక్తిని నిరూపించలేడు. ఏటివాలు ఇసుకలో దోసకాయ, పుచ్చకాయ పండించుకున్నవానికి, వలవేసినవానికి, కోతలకు పోయిన కూలికి, మంగలికి, చాకలికి పరిహారం అనే మాటయే లేదు. వారు పోగొట్టుకున్నది భూమి కాదు, ఊరు. ఊరికి ధర కట్టే సెక్షను ఆ శాసనంలో లేదు.

జలాశయంలో మునిగే ప్రాచీన దేవాలయాలలో కొన్నింటిని రాయి రాయిగా విప్పి, వేరొకచోట తిరిగి నిలబెట్టినారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అట్లే అలంపురానికి చేరినది. అది ఎంతో మెచ్చదగిన పని. అయితే ఒక కట్టడాన్ని ఏ రాయి ఎక్కడిదో తెలిసి, అదే రూపంలో నిలబెట్టగలిగిన నేర్పు మనకున్నప్పుడు, ఒక ఊరిని ఏ ఇల్లు ఎవరిదో తెలిసి అదే పొందికతో నిలబెట్టే నేర్పు ఎందుకు చూపలేకపోయినామని అడగవలసి ఉన్నది. నేటికీ వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరం వద్ద పాత గుడి బయటపడుతుంది. యాత్రికులు దర్శనానికి పోతారు. ఆ సమయంలోనే కొన్ని పాత ఊళ్ల మొండిగోడలు కూడా బయటపడతాయి. వానిని చూడబోయేవారు ఆ ఊళ్లవారు మాత్రమే.

ఒక అవార్డు నకలు

కొన్ని సంవత్సరాల క్రిందట మా తరగతి విద్యార్థి ఒకడు తన తాతగారి పెట్టెలో దొరికిన కాగితాన్ని చదివిపెట్టవలెనని మా వద్దకు తెచ్చినాడు. మడతల వద్ద చినిగిన ఇంగ్లీషు కాగితం. భూసేకరణ అవార్డు నకలు. సర్వే సంఖ్య, విస్తీర్ణం, మొత్తం, చివర తాతగారి వేలిముద్ర. మేము దానిని తెలుగులో చదివి వినిపించినాము. "అభ్యంతరం తెలుపుతూ తీసుకొన్నాను" అనే మాట అందులో లేదు.

ఆ మాట లేకపోవడం అల్పవిషయం కాదు. పాత శాసనంలోని పద్దెనిమిదవ సెక్షను కింద, పరిహారం చాలదనుకొన్నవాడు కేసును సివిలు కోర్టుకు పంపవలసిందిగా కోరవచ్చు. కాని అభ్యంతరం తెలుపకుండా డబ్బు తీసుకొన్నవానికి ఆ అవకాశం ఉండదు. అవార్డు సమయంలో హాజరయినవానికి గడువు ఆరు వారాలే. చదువుకొన్న కొద్దిమంది కోర్టులకు పోయి, ఏండ్ల తరబడి పోరాడి, పెంచిన పరిహారం పొందినారు. వేలిముద్ర వేసినవారు ఇచ్చినది పుచ్చుకొని వచ్చినారు. ఒకే పొలం, ఒకే గట్టు. గట్టుకు ఇవతల ఒక ధర, అవతల ఒక ధర. ఈ అన్యాయాన్ని గుర్తించియే 1984 సవరణలో 28-ఏ సెక్షను చేర్చినారు. పొరుగువానికి కోర్టు పెంచిన పరిహారాన్ని ఆధారంగా చూపి, కోర్టుకు పోనివాడు కూడా మూడు నెలలలోగా అడగవచ్చునని అది చెప్పుతుంది. అదే సవరణ ఊరట మొత్తాన్ని 15 నుండి 30 శాతానికి పెంచినది. అయితే ఆ మూడు నెలల గడువు సంగతి కొత్త ఊరి కూలివానికి చెప్పేవారెవరు?

ఆ విద్యార్థి తాతగారు అప్పటికే లేరు. మనుమడు కాగితాన్ని తిరిగి మడచుకొంటూ, "సార్, ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఒక్కరుంటే చాలు గదా అప్పుడు" అన్నాడు. ఆ ఒక్కమాటయే ఈ వ్యాసం వ్రాయుటకు మమ్ము ప్రేరేపించినది.

శ్రీశైలం నిర్వాసిత కుటుంబాలలో ఒకరికి ఉద్యోగం ఇచ్చేందుకు 1986 ఏప్రిల్‌లో వెలువడిన 98వ సంఖ్య జి.ఓ.ను కూడా ఇక్కడ చెప్పుకోవలెను. ఆశ చూపిన ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ ఒక తరం వయోపరిమితి దాటిపోయినది. నిర్వాసితుల సంఘాలు దశాబ్దాల పాటు ఆ కాగితాన్ని చేతబట్టి ధర్నాలు చేసినవి.

శాసనం మారినది

రాజ్యాంగం మొదట ఆస్తిహక్కును ప్రాథమికహక్కులలో చేర్చినది. 44వ సవరణ దానిని అక్కడినుండి తొలగించి, 300-ఏ అధికరణంగా ఉంచినది. శాసనాధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకొనరాదని దాని తాత్పర్యం. ఈ మార్పు 1979 జూన్ 20 నుండి అమలులోనికి వచ్చినది. పెద్ద భూస్వాముల ఆస్తులను పేదలకు పంచేందుకు అడ్డు తొలగించుట దాని ఆశయాలలో ఒకటి. దాని తరువాత రెండేండ్లకే శ్రీశైలం ఊళ్లలో ఇళ్లు కూలినవి.

చివరకు 1894 శాసనం స్థానంలో 2013లో కొత్త భూసేకరణ, పునరావాస చట్టం చేయబడి, 2014 జనవరి 1 నుండి అమలయినది. మార్కెట్టు ధరను గ్రామీణ ప్రాంతాలలో ఒకటి నుండి రెండు రెట్ల వరకు హెచ్చించి, దాని మీద నూటికి నూరు శాతం ఊరట కలపవలెనని అది చెప్పుతుంది. అంతకంటె ముఖ్యమైనది, నష్టపోయిన కుటుంబం అనే మాటకు అది ఇచ్చిన నిర్వచనం. సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ భూమిపై ఆధారపడి జీవించిన కౌలుదారు, కూలి, చేతిపనివాడు కూడా అందులో చేరుతారు. పరిహారం, పునరావాసపు మొత్తం పూర్తిగా చెల్లించిన తరువాతనే స్వాధీనం చేసికొనవలెనని 38వ సెక్షను ఆదేశం. ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 దినాలలో అభ్యంతరం తెలుపవచ్చు. శ్రీశైలం ఊళ్లు నేర్పిన పాఠం ముప్పదిమూడేండ్లకు శాసనమయినదని చెప్పవచ్చు.

గండికోట: అదే నీరు, మరికొన్ని ఊళ్లు

శ్రీశైలంలో నిలిచిన కృష్ణ నీరు అక్కడితో ఆగలేదు. పోతిరెడ్డిపాడు వద్ద కాలువకెక్కి, గోరకల్లు, అవుకు జలాశయాల మీదుగా, గాలేరు-నగరి పథకంలో భాగంగా కడప జిల్లాలోని గండికోట జలాశయానికి చేరినది. పెన్నానదిపై నిర్మించిన ఆ జలాశయపు సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. కర్నూలు వైపు ఊళ్లను ముంచిన నీరే కడప వైపు కొండాపురం మండలపు ఊళ్లను ముంచినది. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోనికి నీరు వచ్చినది. పునరావాసం పూర్తి కాకముందే నీరు నింపరాదని ఆ ఊరివారు ఆందోళన చేసినారు.

మేము ఆనకట్టలకు విరోధులం కాము. కరువుసీమలో పుట్టిపెరిగినవాడు నీరు వద్దని అనడు. ఆ నీటితో పులివెందుల, జమ్మలమడుగు వైపు చేలు తడిసినవి. అది సంతోషించదగిన విషయం. కాని ముంపు గ్రామాలలో తలెత్తే ఒక వివాదాన్ని గమనించండి. జనాభా లెక్క తీసిన నాటికి పదునైదేండ్ల కుర్రవాడు, నీరు వచ్చేనాటికి పెండ్లి చేసికొని బిడ్డలతో ఉంటాడు. కాగితం మీద అతడింకా తండ్రి ఇంటిలోని బాలుడే. ప్రభుత్వపు తేదీ నిలిచిపోయినది, అతని వయస్సు నిలువలేదు. ఇక్కడ కూడా సత్యం ఒకచోట, హక్కు ఒకచోట.

ఇంటిలోని నిర్వాసితులు

ప్రభుత్వాన్ని ప్రశ్నించే మనం మన ఇంటిని కూడా ఒకసారి పరిశీలించుకొనవలెను. ఊరు మునగకున్నా, హక్కు మునిగినవారు మన ఇళ్లలోనే ఉన్నారు. వారు మన తల్లులు, అక్కచెల్లెండ్రు.

ముస్లిం ధర్మశాస్త్రంలో కుమార్తెకు, భార్యకు వాటా నిర్ణయింపబడి ఉన్నది. 1937 నాటి షరియత్ శాసనం వ్యవసాయభూములను విడిచిపెట్టగా, మదరాసు రాష్ట్రం 1949లో సవరించి వానిని కూడా అందులో చేర్చినది. మన జిల్లాలు నాడు ఆ రాష్ట్రంలోనివే. ఒక ఉదాహరణ తీసికొందాము. ఎనిమిదెకరాల రైతు భార్యను, ఒక కుమారుని, ఇద్దరు కుమార్తెలను విడిచి చనిపోయినాడు. భార్యకు ఎనిమిదవ వంతు, అనగా ఒక ఎకరం. మిగిలిన ఏడెకరాలలో కుమారునికి రెండు పాళ్లు, ఒక్కొక్క కుమార్తెకు ఒక్కొక్క పాలు. కుమారునికి మూడున్నర ఎకరాలు, ఒక్కొక్క కుమార్తెకు ఎకరం మూడు పాతికలు. లెక్క ఇంత స్పష్టం. అయినను అడంగలులో ఎక్కేది కుమారుని పేరు ఒక్కటే. "కట్నకానుకలు ఇచ్చినాము గదా, పుట్టింటికి వచ్చిపోయే దారి చెడగొట్టుకొనదు" అనే మాటతో అక్కచెల్లెండ్ర నోరు మూయించడం మన ఆచారమయినది. హిందూ కుటుంబాలలో 1985లో ఆంధ్రప్రదేశ్ శాసనం, 2005లో కేంద్ర శాసనం కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చినవి. అక్కడ కూడా ఆచరణ ఇట్లే ఉన్నది. రేపు ఆ భూమిని సేకరించినప్పుడు పరిహారం ఎవరి పేరున వస్తుందో వేరుగా చెప్పనవసరం లేదు. ప్రభుత్వం చేసిన తప్పునే మనమూ మన తోబుట్టువుల యెడల చేస్తున్నాము.

విద్యార్థులు చేయదగినది

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచినప్పుడు మేమింకా విద్యార్థులం. నీరు తగ్గిన మరునాడు మా వీధిలో మిద్దెల మీద జనం బట్టలకంటె ముందు కాగితాలను ఆరవేసినారు. దస్తావేజులు, పన్ను రసీదులు, రేషను కార్డులు, నికానామాలు ఎండలో పరచి, గాలికి ఎగిరిపోకుండా కడప బండ ముక్కలు మీద పెట్టినారు. ఇంటిలో బియ్యం పోయినందుకు ఏడ్వని ముసలమ్మ ఒకామె, సిరా కరిగి అక్షరాలు పోయిన దస్తావేజును చూచి ఏడ్చినది. కాగితం విలువ ఏమిటో మేము ఆనాడు నేర్చుకొన్నాము.

1984లో కరణాల వ్యవస్థ రద్దయినది. 2020 చివర భూముల రీసర్వే మొదలయినది. హక్కులను నిర్ణయించే కొత్త చట్టం ఒకటి 2023లో అమలులోనికి వచ్చి, ప్రజల భయాల నడుమ 2024లో రద్దయినది. ప్రభుత్వాలు మారుతున్నవి, పుస్తకాలు మారుతున్నవి. మారనిది ఒక్కటే. తన కాగితాన్ని తాను చదువుకొనలేనివాడు ఏ పద్ధతిలోనైనా నష్టపోతున్నాడు.

కనుక మా విద్యార్థులకు మేము చేసే విన్నపం ఇది. ఈ వేసవి సెలవులలో మీ ఇంటి పెట్టెను ఒకసారి తెరవండి. అడంగలు, 1-బి, రిజిస్టరు పత్రాలు వెలికితీసి, అందులోని పేర్లు, సర్వే సంఖ్యలు, విస్తీర్ణం, హద్దులు నేల మీద ఉన్నవానితో సరిచూడండి. చనిపోయిన తాతగారి పేరున ఉన్నదానిని వారసుల పేరున మార్పించండి. ఆ వారసులలో మీ అమ్మ, అత్త, అక్క ఉన్నారో లేదో చూడండి. గ్రామకంఠంలోని ఇంటికి పన్ను రసీదులు వరుసగా భద్రపరచండి. ఏ నోటీసు వచ్చినా దానిమీది తేదీని, గడువును మొదట చదవండి. డబ్బు చాలదని తోచినప్పుడు, అభ్యంతరం తెలుపుతున్నామని వ్రాయకుండా సంతకం చేయవద్దు. మీ ఇంటి పని ముగిసిన తరువాత, చదువురాని పొరుగువాని పెట్టెను కూడా తెరిచి చదివిపెట్టండి. ఉర్దూలో ఉన్న పాత సనదు అయినా, తెలుగు దస్తావేజు అయినా, ఇంగ్లీషు అవార్డు అయినా చదవగలవారు ఈ కళాశాలలోనే ఉన్నారు. మూడు భాషలు నేర్పుతున్న విద్యాలయానికి ఇంతకంటె తగిన సేవ మరొకటి లేదు.

హక్కు అనే మాటలో మనం విడిచిపెట్టిన సత్యం అనే అర్థాన్ని నిఘంటువు తిరిగి తెచ్చిపెట్టలేదు. నేల మీద ఉన్న ప్రతి మనిషి పేరు కాగితం మీదికి వచ్చిననాడే అది తిరిగివస్తుంది. ఆనాడు ఆ కాగితాన్ని చదివేందుకు ఏ ముసలివాడూ తన మనుమని కోసం నలువదేండ్లు ఎదురుచూడవలసిన అవసరం రాకుండుగాక.